మందుముద్దలు ఏరని ఉదయం

కార్తీకం వెళ్ళాక చింతామణి నుంచి బాగేపల్లి వైపు పోతుంటే ముందుగా ముక్కుకు తగిలేది ఎండుతున్న మొక్కజొన్న వాసన. కాగిన తారు, పచ్చి తగ్గని గింజ, అడుగున పడి బూజు పట్టబోతున్న గింజ, మూడూ కలిసిన ఆ తియ్యటి మగ్గువాసనను బట్టే మా తాలూకాల్లో వానలు వెళ్ళిపోయాయని తెలుసుకుంటాం. కళ్ళం చేసుకునే చోటు లేని రైతులు సగం రోడ్డు మీద పసుప్పచ్చగా గింజలు పరిచి, అంచున రాళ్ళు పేర్చి, ఆ రాళ్ళ పక్కనే గొడుగు కింద కూర్చుంటారు. మొన్న నేను చూస్తుండగానే ఒక లారీ ఆ రాళ్ళను తొక్కి గింజల మీదుగా పోయింది. రైతు పరిగెత్తి, మలుపులో లారీని నిలిపి, డ్రైవరును చొక్కా పట్టి కిందికి లాగి, గింజలు నెరిపే చెక్కపారతో మూతి మీద కొట్టాడు. డ్రైవరు నోటి రక్తం గింజల మీద పడింది. రైతు భార్య వచ్చి ఎర్రబడ్డ గింజలను మాత్రం చేత్తో ఏరి పక్కన పారేసి, మిగతావాటిని ఏమీ జరగనట్టు మళ్ళీ నెరపసాగింది.

నాకు ఆశ్చర్యం కలగలేదు. ఈ పంట మా వైపు వచ్చిన నాటి నుంచి దాని వెంట దెబ్బలు వస్తూనే ఉన్నాయి. మొలక దశలో కత్తెరపురుగు సుడిలో దూరి ఆకును జల్లెడ చేస్తుంది, పీచు వేసే వేళకు వాన ముఖం చాటేస్తుంది, కంకి ఎండే వేళకు అదే వాన విరుచుకుపడుతుంది, మద్దతు ధర మాట పేపర్లో కనిపించేసరికి గింజ కోళ్ళ మేత వ్యాపారుల గోదాములకు చేరి ఉంటుంది. ఇదంతా ఫిర్యాదుగా రాయడం లేదు. మా ఇంటికి ఫిర్యాదులు తెచ్చేవాళ్ళను చూశానే గానీ, ఫిర్యాదు పట్టుకుని ఒకరి గడప ఎక్కినవాళ్ళను మా ఇంట్లో నేను చూడలేదు.

మాది కెంచార్లహళ్ళి దాటాక గుట్టల కింద ఉండే ఒక చిన్న ఊరు. మా తాత ఆ ఊరికి పటేలు. ఒక చట్టం వచ్చి ఆ పదవిని తీసేసింది, ఇంకొక చట్టం వచ్చి మా పొలాలను గుత్తకు చేసుకుంటున్న వాళ్ళకే రాసిచ్చేసింది. నాకు ఊహ తెలిసేనాటికి మాకు మిగిలినవి గుట్ట కింద ఒక చేను, ఒక జత ఎద్దులు, గోడకు వేలాడే ఒంటిగొట్టం తుపాకి, ఊరివాళ్ళ నోట ఇంకా చెరిగిపోని 'పటేలప్ప' అనే పిలుపు. మా నాయన నేను పసిపిల్లగా ఉన్నప్పుడే పోయాడు. తాత, అమ్మ, పెళ్ళి కాని మా చిన్నాయన శీనప్ప, నేను, ఇంతే మా సంసారం. తాత రోజూ తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుని, ఉతికిన తలగుడ్డ చుట్టుకుని, అరుగు మీద గోడకు ఆనుకోకుండా కూర్చునేవాడు. ఆయన వీపు గోడకు తగలడం నేను ఎన్నడూ చూడలేదు. ఎనిమిదేళ్ళ పిల్లనైన నన్ను కూడా అట్లాగే కూర్చోబెట్టేవాడు. నేను వంగితే వెన్ను మీద వేలితో పొడిచేవాడు, ఆ పోటుకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

మొక్కజొన్న రాకముందు మా చేలలో రాగి, ఉలవ, అనప ఉండేవి. పుష్యమాసపు మంచులో అనపకాయల జిగురు వేళ్ళకు అంటుకుని ఉతికినా పోని వాసన వేసేది, అమ్మ ఆ గింజలు నానబెట్టి, తొక్క పితికి, పితికిపప్పు చారు కాస్తే వీధి చివరి దాకా తెలిసేది, వేడి సంగటిముద్ద మధ్య గుంట చేసి ఆ చారు పోసుకుని తినేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఆయుధపూజ నాడు తాత తుపాకిని దించి, కొబ్బరినూనె పట్టించి, గొట్టానికి కుంకుమ పెట్టేవాడు. అడవిపందిని కొట్టడం నేరం కాని పాత రోజుల్లో పటేలు తుపాకితోనే ఊరంతా వేటకు పోయేదట. చచ్చిన పందిని మా వాకిట్లోనే కాల్చి పంపకం చేసేవాళ్ళట, తల మా ఇంటికి, ముందుకాలు తలారికి, మొదట తరిమినవాడికి గుండెకాయ. చిన్నాయన ఆ కథ చెబుతూ, చావని పంది ఒకడి తొడను చీల్చిన చోటు తన తొడ మీద వేలితో గీసి చూపించేవాడు. ఆ తరవాత పందిని చంపకూడదన్నారు, తుపాకి బెదిరించడానికే మిగిలింది. పంట పాలుపట్టే వేళ తాత చేని గట్టు మీద నిలబడి ఆకాశంలోకి ఒక దెబ్బ పేల్చేవాడు, ఆ మోత గుట్టకు తగిలి తిరిగివచ్చేదాకా ఊరు చెవులు మూసుకునేది.

మొక్కజొన్నను మా ఊరికి సర్కారే తెచ్చింది. కన్నడం మాటను పట్టుకుని మేము దాన్ని ముసుకుజొన్న అనేవాళ్ళం. కృషి ఇలాఖె, అంటే వ్యవసాయ శాఖ జీపు ఒకరోజు మా వాకిట్లో ఆగింది, అధికారి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, "పటేలరే, మీరు వేస్తే ఊరంతా వేస్తుంది" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊళ్ళో మిగతా వాళ్ళు సబ్సిడీ విత్తనానికి చింతామణిలో ఎండలో వరసగా నిలబడి, ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని, చొక్కాలు చించుకుని తెచ్చుకోవలసి వచ్చింది. తాతకు మాత్రం గడప దగ్గరికి వచ్చింది గనక తీసుకున్నాడు. ఆ ఏడు మా చేను మనిషి ఎత్తు దాటింది. నేను పీచు తెంపుకుని మీసాలు పెట్టుకునేదాన్ని, దంటుతో కత్తులు చేసుకుని వీధిపిల్లలతో యుద్ధాలు చేసేదాన్ని, ఆకు అంచులు కోసి చేతులంతా సన్నటి ఎర్రగీతలు పడేవి. లేత కంకులను వాకిట్లో పిడకల నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారమూ పూసి అమ్మ చేతికిస్తే, పెదవులు మండుతున్నా బెండు దాకా కొరికేవాళ్ళం. రెండో ఏడు ఊరంతా ముసుకుజొన్నే. మా గట్టు పక్కన ఒకప్పుడు మాదే అయిన చేనులో, మా గుత్తదారు కొడుకు నర్సింహప్ప కూడా అదే వేశాడు.

ఆ వాసనకు గుట్ట మీది పందులన్నీ దిగాయి. రాగిచేనులో పంది మేసి పోతుంది, ముసుకుజొన్నలో అది విధ్వంసం చేస్తుంది. ఒక్క కంకి కోసం దంటును రొమ్ముతో నెట్టి పడగొట్టి, రెండు కొరుకులు కొరికి వదిలేసి, పక్కదాని మీద పడుతుంది. పొద్దున పోయి చూస్తే చేని మధ్య ఏదో కొట్లాట జరిగినట్టు దంట్లు విరిగి, నమిలి ఉమ్మిన కంకుల మీద ఈగలు ముసిరి, తడిమట్టిలో గిట్టల గుర్తులు కనిపించేవి. నర్సింహప్ప పెంచిన కుక్క ఒకటి వాటికి అడ్డం పోతే దాని కడుపు చీలి పేగులు గట్టు మీద పడ్డాయి. నర్సింహప్ప వాటిని మళ్ళీ లోపలికి తోసి తలగుడ్డతో కట్టి ఇంటికి మోసుకుపోయాడు, అది వాకిట్లోనే చచ్చింది. పరిహారం కోసం అధికారులు వచ్చి చూసిపోయారు, వాళ్ళు వచ్చేసరికి పడిపోయిన దంట్లు ఎండిపోయాయి, పందులు పడేశాయో గాలి పడేసిందో చెప్పలేమన్నారు.

అంతలో చునావణె వచ్చింది. ఎన్నికల వేళ తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి. తాత తుపాకిని ఎవరి చేతా మోయించలేదు, తలగుడ్డ చుట్టుకుని, దాన్ని భుజాన పెట్టుకుని, బస్సు ఎక్కకుండా నడిచే పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ భుజం కొద్దిగా పైకి ఎగిసి ఉందని అమ్మ అంది. ఇక గట్టు మీద పేల్చేది ఏమీ లేదు. చిన్నాయన మురుగమల్ల సంతకు పోయి ఎవరి దగ్గరో మందుముద్దలు తెచ్చాడు, అంటే పిండిలో చుట్టిన నాటుబాంబులు. పంది కొరికితే దాని దవడ ఎగిరిపోతుంది. తాత ఒక పూట ఆ ముద్దలను అటక మీద చూశాడు. చెర్నాకోల తీసుకుని, ముప్పై ఏళ్ళ కొడుకును వీధిలోకి పిలిచి, చొక్కా విప్పించి, అందరూ చూస్తుండగా కొట్టాడు. చిన్నాయన చేతులు కట్టుకునే నిలబడ్డాడు. వీపు మీద తోలు లేచి రక్తం పంచె అంచు దాకా వచ్చింది.

"తుపాకి పట్టిన ఇంట్లో పుట్టి తిండిలో మందు పెడతావురా? ఇంకొకసారి నా కంట పడితే నిన్ను నా చేత్తో చంపుతా, చెప్తాండా."

ముద్దలను నీళ్ళలో పడేయమన్నాడు. చిన్నాయన కొన్నే పడేశాడు.

ముద్దలు పెట్టేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పొద్దుగూకే వేళ పందుల దారుల్లో పెట్టి, తెల్లవారకముందే, పశువులను మేతకు విప్పకముందే, పెట్టినవాడే పోయి పేలనివాటిని ఏరుకు రావాలి. ఎక్కడ పెట్టిందీ వాడికే తెలుస్తుంది గనక ఇంకెవరినీ పంపడానికి వీల్లేదు. చిన్నాయన కొన్నాళ్ళుగా తాత స్నానం చేసే వేళకు చెంబు పట్టుకుని చేనికి పోయి, ఏరుకుని వచ్చేస్తున్నాడు. ఇంట్లో మాకెవరికీ తెలియదు. ఒక ఉదయం ఆ పద్ధతి తప్పింది. చింతామణి మార్కెట్టు యార్డులో రైతుల మేళా పెట్టి, ప్రగతిపర రైతులకు సన్మానం చేస్తున్నారు. ముసుకుజొన్న మొదట వేసినందుకు తాతకు శాలువా కప్పుతామని ముందురోజు చీకటి పడ్డాక కబురు చేశారు, తెల్లవారకముందే జీపు పంపించారు.

తాత సన్మానానికి లొంగే మనిషి కాదు. అయితే ఎన్నో ఏళ్ళ తరవాత సర్కారు ఆయన్ను పదిమందిలోకి పటేలని పిలిచింది. కొత్త పంచె కట్టుకుని, నన్ను చెయ్యి పట్టుకుని జీపు ఎక్కించి, వాకిట్లో తచ్చాడుతున్న చిన్నాయనను ఎక్కమన్నాడు.

"నేను ఎనకమాల బస్సుకొస్తా నాయనా. చేనికాడ ఒక పనుండాది."

"ఏం పని?"

చిన్నాయన వీపు మీది దెబ్బలు ఇంకా మానలేదు. "ఏం లేదు నాయనా," అన్నాడు.

"పటేలు ఇంటి మగోళ్ళు ఒకరు ముందూ ఒకరు ఎనకా పోరు. ఎక్కు."

ఎక్కాడు. ఆ ప్రయాణమంతా చిన్నాయన నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్ళు ముడుచుకుని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూ ఉంటే చలికని అనుకుని నా దుప్పటి అంచు ఆయన మోకాళ్ళ మీద కప్పాను. యార్డులో షామియానా, మైకు, స్ప్రేయర్ల వరస, ఉప్పిటు, అంటే ఉప్మా, పొగలు. తాతను ముందు వరసలో కూర్చోబెట్టారు, కుర్చీకి వీపు ఆనించకుండా ఆయన, ఆయన పక్కన నేను, నా పక్కన చిన్నాయన. ఒకాయన కొత్త విత్తనం గురించి, ఇంకొకాయన కొనుగోలు కేంద్రం గురించి కన్నడంలో చాలాసేపు మాట్లాడారు. ఈసారి సర్కారే యార్డులో గింజ కొంటుందనీ, గోనెసంచులు ఉన్నంతవరకే కొంటామనీ చెప్పగానే జనం చప్పట్లు కొట్టారు. ఎండ షామియానా అంచు నుంచి మా కాళ్ళ మీదికి పాకింది. ఊళ్ళో పశువులను విప్పే వేళ అయింది. చిన్నాయన ఆ ఎండనే చూస్తున్నాడు, నుదుటి చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడం లేదు.

శాలువా కప్పి దండ వేస్తున్నప్పుడు చిన్నాయన లేచి నిలబడ్డాడు.

"నాయనా, చేనులో ముద్దలుండాయి. ఏర్లేదు."

మైకు దగ్గరే అన్నాడు గనక యార్డంతా వినపడింది. తాత దండను ఇంకా సర్దుకోనేలేదు. చేతికర్ర తిప్పి చిన్నాయన చెవి మీద కొట్టాడు. కర్ర విరిగింది, చిన్నాయన కుర్చీల మీద పడ్డాడు. జనం లేచారు. తాత దండ తీసి కుర్చీ మీద పెట్టి, శాలువాను మడిచి దాని మీద పెట్టి, అధికారితో మామూలు గొంతుతో, "జీపు కావాల, తొందరగా," అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు చిన్నాయన చెవి నుంచి కారిన రక్తం నా గౌనుకు అంటింది.

మేము చేరేసరికి నర్సింహప్ప ఎద్దు గట్టు మీద నిలబడి ఉంది. అది నిలబడి ఉండటమే నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది. మూతి లేదు. కింది దవడ ఉండాల్సిన చోట ఎర్రటి గుంట, దాంట్లోంచి నాలుక తాడులా వేలాడుతూ, ఊపిరి వదిలినప్పుడల్లా నురగతో రక్తం బుడగలు లేస్తూ, కళ్ళు మాత్రం ఎప్పటిలాగే పెద్దగా, నెమ్మదిగా చూస్తూ. దంట్ల మీద అంతా పళ్ళ ముక్కలు. జోడెద్దు దూరంగా పోయి అరుస్తోంది. నర్సింహప్ప దాని మెడ కింద భుజం పెట్టి పడిపోకుండా మోస్తున్నాడు.

చిన్నాయన జీపు దిగడమే ఆలస్యం, నర్సింహప్ప ఎద్దును వదిలి, దాన్ని కట్టే కొయ్యమేకు పీకుకుని వచ్చి పడ్డాడు. మొదటి దెబ్బకు చిన్నాయన జబ్బ ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పడినవాడిని పక్కల మీద, తొడల మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టాడు. "దానికి మాటొస్తాదా! అది నిన్నేం చేసిందిరా!" అని ప్రతి దెబ్బకూ అరిచాడు. జీపు డ్రైవరు అడ్డం పోబోతే తాత చెయ్యి చాచి ఆపాడు. కొడుకును కొడుతుంటే ఆయన అట్లాగే నిలబడి చూశాడు. నర్సింహప్పకు ఊపిరి ఆడక మేకు చేతిలోంచి జారినప్పుడు, తాత ముందుకు పోయాడు.

"తుపాకి తేండిరా," అన్నాడు, ఎవరితో అన్నాడో. ఎవరూ కదలలేదు. తుపాకి ఠాణాలో ఉంది. అది అప్పుడు గుర్తొచ్చినట్టు తాత చేతులు రెండూ ఒకసారి చూసుకున్నాడు. తరవాత నర్సింహప్పను అడిగాడు. "నువ్వు చెప్పప్పా. నీ ఎద్దు."

నర్సింహప్ప పలుపు రెండు చేతులా గట్టిగా పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తాత కంచె కొట్టే గొడ్డలి తెప్పించి, కొత్త పంచె పైకి దోపుకుని, దాని మొద్దు వైపుతో ఎద్దు నొసటి మీద కొట్టాడు. ఒక దెబ్బకు చావలేదు. మోకాళ్ళ మీద పడ్డాక ఇంకొకటి కొట్టాడు, ఇంకొకటి కొట్టాడు. ఎద్దును చంపిన ఇల్లని గుడిలో మాకు ముందుగా ఇచ్చే తీర్థం ఆ రోజు నుంచి ఆగిపోయింది. తాత ఆ గుడికి మళ్ళీ పోలేదు, అడగనూ లేదు. ఆ సాయంత్రమే మా జతలో ఒకదాన్ని విప్పించి నర్సింహప్ప కొట్టంలో కట్టేయించాడు. నర్సింహప్ప వద్దనలేదు, దాని వంక చూడనూ లేదు.

మిగిలిన ముద్దలను చిన్నాయన ఒంటిచేత్తో ఏరి తెచ్చాడు. ఒకటి దొరకలేదు. "పందులు ఈడ్చుకోనిపోయి యాడనో వదిలేసుంటాయి. ఆ పక్క చేనులోకన్నా పోయుండొచ్చు," అన్నాడు. ఆ మాట ఊళ్ళో పాకగానే కూలీలు మా చేనికీ రామన్నారు, నర్సింహప్ప చేనికీ రామన్నారు. కంకులు ఎండి వంగాయి. పొద్దున చిలుకలు, సందేళ పందులు. పడమట మబ్బు. చింతామణిలో కొనుగోలు కేంద్రం తెరిచారనీ, సంచులు తగ్గుతున్నాయనీ బస్సులో వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. విరిగిన జబ్బతో చిన్నాయన కొడవలి పట్టుకుంటే తాత దాన్ని లాక్కుని, ఆయనను గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. తానే కొడవలీ, పొడుగాటి వెదురుగడా తీసుకుని చేనులోకి దిగాడు. ఆయన కొడవలి పట్టడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. గడతో ముందు నేల మీద బాది, ఒక అడుగు వేసి, నాలుగు దంట్లు కోసి, మళ్ళీ బాదేవాడు. గట్టు మీద నిలబడి ఆ గడ నేలకు తగిలినప్పుడల్లా నేను పళ్ళు బిగపట్టేదాన్ని, సాయంత్రానికి దవడలు నొప్పి పుట్టేవి.

మరుసటి రోజు చేని అటు చివర నుంచి కోత చప్పుడు వినిపించింది. నర్సింహప్ప.

"బయటికి పోరా నర్సింహా. ఈ చేను నాది. చస్తే నేను చావల్ల."

"పోను పటేలప్పా. నీ కోత చూస్తాండా నిన్నట్నుంచి. నువ్విట్ల కోస్తాంటే ఉగాదికి గానీ అయ్యేట్టు లేదు. నీది అయితే గానీ నా చేనుకు ఎవరూ రారు."

"నోరు పెరిగిందిరా నీకు."

"మీ శీనప్పను కొట్టినప్పుడే పెరిగింది లేప్పా. ఇంత కిందికి పట్టుకోకు కొడవలి, నీ కాలే తెగుతాది."

తాత పట్టు మార్చాడు. మా చేను అయిపోయింది, ముద్ద దొరకలేదు. మా కంకులు ఒలిచి, గింజలు ఆరబెట్టి, మూటలు కట్టి, నర్సింహప్ప బండికే ఎత్తారు, మా ఇంటి ఎద్దూ ఆయన ఎద్దూ జత కుదరక కాడిని చెరొక పక్కకు లాగుతుంటే. ఆయన చేనులో చివరి సాళ్ళు కోయగానే తెల్లవారి బండి కట్టాలి. ఆ చేనులోకి దిగేటప్పుడు తాత, "ముందు నేను పోతా. ఎనక నువ్వు కొయ్యి," అన్నాడు. "నా చేనప్పా," అన్నాడు నర్సింహప్ప. "ముద్ద మాది," అన్నాడు తాత.

చివరి సాలు దాకా ఏమీ కాలేదు. అక్కడ గడ నేలకు తగలడంతోనే నేల పగిలినట్టు మోత వచ్చింది. గట్టు మీద ఉన్న నా మీద మట్టి పడింది. పొగ పోయాక తాత నిలబడే ఉన్నాడు. గడ చీలి చీపురులా అయింది, దాని పేళ్ళు ఆయన చెంపలోనూ కుడికంట్లోనూ దిగి ఉన్నాయి. ఒక్క కేక పెట్టలేదు. తలగుడ్డ విప్పి ముఖానికి చుట్టుకుంటే అది క్షణంలో ఎర్రగా తడిసింది. తాతను తలగుడ్డ లేకుండా నేను చూడటం అదే మొదటిసారి. నెత్తిన వెంట్రుకలు పసిపిల్లవాడివిలా పల్చగా ఉన్నాయి.

బస్సు పోయింది. మూటల బండి మీదే ఆయనను పడుకోబెట్టి, నన్ను తల దగ్గర కూర్చోబెట్టి నర్సింహప్ప ఎద్దులను అదిలించాడు. చింతామణి మొదట్లో దారి రెండుగా చీలుతుంది, ఒకటి ఆస్పత్రికి, ఒకటి యార్డుకు.

"యార్డుకు తిప్పు," అన్నాడు తాత గుడ్డ కింద నుంచి. "సంచులు అయిపోతాయి."

"ముయ్యప్పా నోరు," అన్నాడు నర్సింహప్ప.

మా తాతతో ఆ మాట అన్న మనిషి అంతకుముందు లేడు. తాత మూసుకున్నాడు. ఆస్పత్రిలో కన్ను తీసేశారు. నర్సింహప్ప బండి తోలుకుని యార్డుకు పోయేసరికి గేటు వేసి ఉంది. సంచులు అయిపోయాయట. గేటు ముందు ఆగిన బండ్లవాళ్ళు రాళ్ళు విసురుతున్నారు, పోలీసులు లాఠీలతో మీద పడ్డారు. నర్సింహప్ప నెత్తికి తగిలిన దెబ్బకు కట్టు కూడా తాత మంచం పక్కనే కట్టారు. ఇద్దరి గింజా తరవాత దళారీ పాలైంది. ఆ దెబ్బల గురించి గానీ, కన్ను గురించి గానీ ఆ తరవాత ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. గట్టు మీద ఎదురుపడితే ఒకరు పటేలప్పా అనేవారు, ఇంకొకరు తల ఊపేవారు.

తాత పోయాడు, చిన్నాయన పోయాడు, నర్సింహప్ప కూడా పోయాడు. చిక్కబళ్ళాపురంలో ఉద్యోగం చేసుకుంటూ నేను ఆ చేనును అమ్మకుండా నిలబెట్టుకున్నాను, ఇప్పటికీ ముసుకుజొన్నే వేస్తాను. ఇప్పుడు రైత సంపర్క కేంద్రంలో విత్తనానికి మోచేతులతో పొడుచుకోనక్కరలేదు, ఆధార్ చూపిస్తే చాలు, వరసలో అందరిలాగే నిలబడి తెచ్చుకుంటాను. సోలారు కంచెకు సబ్సిడీ ఉంది. కోతకు పంజాబు నుంచి యంత్రం వస్తుంది. ఊళ్ళో ఆ కాలపు పెద్దలు గానీ, ఆ మోటు మాటలు గానీ, మనిషి వెంట మనిషి చేనులోకి దిగే అలవాటు గానీ లేవు.

పోయిన కోతకు యంత్రం గట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. గుట్టవైపు ఎవరో ముద్దలు పెట్టారని డ్రైవరు టీకొట్టులో విన్నాడట. హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాను. అటవీ శాఖను అడగమన్నారు, అటవీ శాఖవాళ్ళు పోలీసులకు చెప్పమన్నారు, పోలీసులు రేపు చూద్దామన్నారు. పడమట మబ్బు పట్టి ఉంది. పొరుగు రైతులు నలుగురు గట్టు మీద ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. నేను చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఒక కర్ర విరుచుకుని, చేనులోకి దిగాను.

"వద్దు మేడమ్, ఏమన్నా అయితే నాకు తగులుకుంటాది," అని డ్రైవరు వెనక నుంచి వచ్చీరాని కన్నడంలో అరిచాడు.

నేల మీద బాది ఒక అడుగు, బాది ఒక అడుగు, సాలు వెంట సాలు, ఎండిన ఆకులు చేతులు కోస్తుంటే చేను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ఏమీ పేలలేదు. ఆ చివర దంట్ల మధ్య నుంచి బయటికి వచ్చి నిలబడితే ఎదురుగా నర్సింహప్ప చేను. కొడుకులు బెంగళూరువాళ్ళకు అమ్మేశారు, ప్లాట్లకు పాతిన తెల్లరాళ్ళు గుట్ట దాకా వరసగా ఉన్నాయి. అవతలి గట్టు మీద ఎవరూ లేరు. వెనక్కి తిరిగి, యంత్రాన్ని దించమని డ్రైవరుకు చెయ్యి ఊపాను.